రబ్బరు పడవకు లక్షలు

తొలిసారి ఓడ యెక్కఁదలఁచియు, కుర్చీలో కూలఁబడి కాలక్షేపము చేయుటకు మనసొప్పని మన యానాం ఉత్సాహవంతులు కొందఱు ఇప్పుడు అన్వేషణ నౌకాయానముల ధరలను రాత్రులు మేలుకొని బేరీజు వేయుచున్నారు. చిన్న ఓడనే కోరుటలో వారు తెలివిగలవారే; ఏలయన అంటార్కిటికాలో 500 మందికి మించిన ప్రయాణికులున్న నౌక ఎవ్వరినీ ఒడ్డున దింపరాదు, చిన్నదైనను ఒక్కమారు 100 మందికంటె ఎక్కువ దింపరాదు గనుక, 200 మంది ఎక్కిన ఓడలో సగము మంది పెంగ్విన్లను చూచుచుండఁగా తక్కినవారు వంతుకై కాచుకొనవలసినదే. కావున అడుగవలసినది గదికి బాల్కనీ కలదా యని కాదు. ఒడ్డునకు చేర్చు రబ్బరు పడవలెన్ని, రోజుకెన్నిమార్లు దింపుదురు, కయాక్‌కు వేఱే రుసుమా యని. చిన్న ఓడ కెరటమునకు ఎక్కువ ఊగునన్న సంగతి ఏజెంటు చిట్టచివర చెప్పును, లేదా చెప్పనే చెప్పఁడు.

ఇంతకును ఆ లక్షలకు దక్కు దివ్యానుభవమేమి? మోకాళ్లదాఁక బూట్లు, చేయిపట్టి దింపు మనిషి, కాలిక్రింద బురద. బాలయోగి వారధి రాకమునుపు ఎదుర్లంక పోవలసిన యానాం వారందఱును, గౌతమిమీఁద సైకిళ్ల నడుమ పంటుపై నిలుచుండి, చెప్పులు చేతఁబట్టి, పంచె యెగఁగట్టి, ఈ అన్వేషణమును చిల్లర డబ్బులకే సలిపినవారు. కూతవేటు దూరమున కోరంగి మడ అడవులున్నవి, నీటికుక్కలున్నవి, అవి చూచితిరా యని యడుగఁగా ‘‘అక్కడ దోమలండీ’’ అని ముఖము చిట్లించిన పెద్దమనిషియే పెంగ్విన్ల రెట్ట కంపునకు అడ్వాన్సు కట్టివచ్చినాఁడు.