నాయనలారా, సెలవు చూసుకుని పొండి

పేదింటి పరిశోధక విద్యార్థుల నాయనలారా, మీకో మనవి. చావదలుచుకుంటే ముందు విశ్వవిద్యాలయం క్యాలెండరు చూసుకోండి. మా నాయన చూసుకోలేదు. నాకు కోర్స్‌వర్క్ పరీక్షలు, పైగా ఫెలోషిప్ పడని నెలలు. సరిగ్గా అప్పుడే పత్తికి మందు కొట్టి ఇంటికొచ్చి, అరుగు మీద కూలబడి పోయాడు. చదువుకోని మనిషి, ప్లానింగ్ తెలీదు.

రామ్‌జీ సక్పాల్ గారిని చూసి నేర్చుకోండి. 1913 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ జూలైలోనే కొడుకు భీమ్‌రావ్ అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరాడు. న్యూయార్క్‌లో ఏ గైడు ముందూ సెలవు చీటీ పట్టుకుని నిలబడే ఖర్మ అతనికి పట్టలేదు. 1918లో ఆ కొడుకు బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరైతే, తమ మంచినీళ్ళ కుండ అతను ముట్టుకోకూడదని తోటి ప్రొఫెసర్లు అడ్డం పడ్డారు. ఆ చోద్యం చూడకుండానే పోయారు పెద్దాయన. అదృష్టవంతుడు.

యూజీసీ దయగలది. జేఆర్‌ఎఫ్ తీసుకునేవాడికి ఏడాదికి 30 రోజుల సెలవిచ్చింది. జ్వరం, చెల్లి పెళ్ళి, పొలం తగాదా, మీ ఆసుపత్రి, మీ చావు, మీ పెద్దదినం అన్నీ అందులోనే సర్దుకోవాలి. అందుకని మంచాన పడి నెలల తరబడి తియ్యకండి. ఫెలోషిప్ నెలకి 37,000. ఈ అంకె మా పల్లెలో పసిపిల్లలకి కూడా తెలుసు. అది ఎన్ని నెలలకోసారి పడుతుందో మాత్రం బ్యాంకు మేనేజరుకీ తెలీదు. శవాన్ని ఇంట్లో పెట్టుకుని పెట్టెకి అప్పడిగితే మా చిన్నాయన, "నీకు నెలకి ముప్పై ఏడు వేలంట గదరా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పేపర్లో చదివాడు.

గైడుగారికి ఫోన్ చేశాను. "అయ్యయ్యో" అన్నారు, నిజంగానే బాధపడ్డారు. కాసేపాగి, "మీ వాళ్ళ చావు ఆచారాల మీద పెద్దగా పని జరగలేదోయ్. తిరిగి రాగానే నోట్స్ రాసిపెట్టుకో, రెండో అధ్యాయానికి పనికొస్తుంది" అన్నారు. పాడె ఇంకా లేవలేదు, నాయన అప్పటికే రెండో అధ్యాయం.

ఆ ఏడాదే మా విభాగంలో ఒక పెద్దాయనకి పితృవియోగం కలిగింది. చూశారా, మా నాయన చచ్చిపోయాడు, ఆయనకి వియోగం కలిగింది. సంతాపసభ, డీన్ గారి గద్గదస్వరం, ఆపైన ఏటేటా స్మారకోపన్యాసం. పోయినాయనా ప్రొఫెసరే, ఆయన నాన్నగారూ పండితుడే. ఆ ఇంట్లో పిల్లలు ఉగ్గుపాలతోనే ఫుట్‌నోట్లు తాగుతారు. దాన్ని మా విభాగంలో ప్రతిభ అంటారు.

మొదటి స్మారకోపన్యాసానికి అమెరికా నుంచి ఒక తెలుగు ప్రొఫెసరు దిగారు. అంశం జాతి వివక్ష. తెల్లవాళ్ళు తన పేరు నోరారా పలకరనీ, మీటింగుల్లో తన మాట తనది కానట్టు ఇంకొకరి ఖాతాలో వేస్తారనీ చెబుతుంటే హాలంతా కళ్ళొత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను, దొంగేడుపు కాదు. తర్వాత లేచి, కుల వివక్షని నిషేధించే బిల్లుని 2023లో కాలిఫోర్నియా గవర్నరు వీటో చేశాడు కదా, దాని సంగతేమిటని అడిగాను. "అక్కడ కులం ఎక్కడిదండీ? ఆ బిల్లే మన పిల్లల మీద వివక్ష" అన్నారు. భోజనాల దగ్గర నా భుజం మీద చెయ్యేసి, "ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరు?" అన్నారు. చెప్పాను. ఆ చెయ్యి పెరుగు గిన్నె వైపు వెళ్ళిపోయింది.

నాయనలారా, దేవుణ్ణి కూడా జాగ్రత్తగా ఎంచుకుని పొండి. మా అమ్మ పాస్టరుగారిని పిలవమంది. పెదనాయన అడ్డంపడ్డాడు, "పిల్లోడి సర్టిఫికెట్ పోద్ది" అని. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తెరిచారు. యేసు ప్రభువు ఇంకా వరండాలోనే ఉన్నాడు. ఊళ్ళో టీకొట్టువాడు మాత్రం ఏ మతంలో ఉన్నా మాకు గ్లాసు వేరే పెట్టాడు, ఆ ఉత్తర్వు ఆయన చదవలేదు. చివరికి అందరి ఫోన్లూ జేబుల్లో పెట్టించి, చీకటి పడ్డాక, పాస్టరుగారు గొంతు తగ్గించి ప్రార్థన చేశారు. మా నాయన సమాధి మీద సిలువ లేదు. నా పీహెచ్‌డీ సీటు ఉంది.

పెళ్ళాం పిల్లలకి దూరమైన తండ్రులారా, మాకీ గోల లేదనుకోకండి. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాడు. అప్పటికి నెలల తరబడి అతని ఫెలోషిప్ ఆగిపోయి ఉంది. కుట్టుమిషను తొక్కి పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది తల్లి రాధిక. ఢిల్లీ వేసిన కమిషన్ ఆమె మాల అనడానికి ఆధారం లేదని తేల్చింది. 2024 మేలో బయటపడ్డ తెలంగాణ పోలీసుల ముగింపు నివేదికా అతను ఎస్సీ కాదంది. గోల రేగాక మళ్ళీ విచారిస్తామన్నారు. పెంపకానికి రాని తండ్రి కులం పిల్లాడి శవం మీద హక్కుకి వచ్చింది.

కాబట్టి పోయేముందు మీ కులపత్రానికి నాలుగు జిరాక్సులు తీయించి, గెజిటెడ్ సంతకం పెట్టించి, ట్రంకుపెట్టె అడుగున దాచండి. మీ చావుకి అవి ఎవరూ అడగరు. మీ పిల్లల చావుకి అడుగుతారు.