నేను సద్ది గిన్నెను

నేను మూడు అరల స్టీలు సద్ది గిన్నెను. గోదావరిఖనిలో ఒక కోల్ ఫిల్లర్ చేతిలో ఏండ్ల తరబడి బొగ్గుబాయిలోకి దిగాను. అతని కడుపు చెడిన సంగతి ముందు తెలిసింది నాకే. ఖాళీగా ఇల్లు చేరే నేను ఒక వానాకాలం సగం బువ్వతో తిరిగి రాసాగాను.

"ఏమయ్యా, బువ్వ గట్లనే తెచ్చినవ్?" అనేది ఇంటామె.

"గ్యాసే. సోడా తాగిన, పోతది."

ఫస్టు షిఫ్టు వారం ఉత్త చాయ్ మీద బయల్దేరేవాడు. రాత్రి షిఫ్టు వారం పొద్దున ఇల్లు చేరి కడుపునిండా తిని, వెంటనే పడుకునేవాడు. అన్నం దిగే గొట్టం కింది చివర ఒక కండరం మూతలా పనిచేస్తుంది. తినగానే ఒరిగితే ఆ మూత దాటి ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు దానివల్లే. బాయిలో బీడీ ముట్టించకూడదు గనుక తంబాకు నమిలేవాడు. నడుం నొప్పికి పరగడుపునే డైక్లోఫెనాక్ మింగేవాడు. ఆ మాత్రలు జీర్ణాశయపు లోపలి పొరకున్న రక్షణను దెబ్బతీస్తాయి.

ఒకరోజు విరేచనం నల్లగా అయింది. బాయిలో పనిచేసేవాడు ఉమ్మినా నలుపే, ముక్కు చీదినా నలుపే. బొగ్గు దుమ్మేలే అనుకుని మూడు రోజులు ఊరుకున్నాడు. తారులా జిగటగా, విపరీతమైన కంపుతో వచ్చిన ఆ నలుపు బొగ్గుది కాదు, లోపల కారిన నెత్తురుది. నాలుగోనాడు మస్టర్ దగ్గరే కళ్లు తిరిగి పడ్డాడు. అతని చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డ నాకు సొట్ట పడింది.

దవాఖానలో నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూస్తే పుండు కనిపించింది. అందులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కూడా ఉంది. కారం వల్ల, దిగులు వల్లే కడుపులో పుండు పడుతుందని అందరూ నమ్మిన రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని పట్టుకున్నారు. అందుకే వారికి 2005లో నోబెల్ వచ్చింది. రెండు వారాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందులతో అతని పుండు మానింది.

ఆనాటి నుంచి నా అరల్లో సర్దుడు మారింది. అన్నం తగ్గింది, పెరుగు చేరింది. ఒక్కసారే కాక రెండుసార్లు తింటాడు. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి, తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటాడు. తంబాకు మానేశాడు. నొప్పి మాత్ర డాక్టరు చెప్తేనే.

బాయికి పోయే బిడ్డలారా, మామూలు మంట వేళకు తింటే చాలావరకు తగ్గుతుంది. కానీ నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, ముద్ద దిగకపోవడం, ఊరికే బరువు తగ్గడం ఉంటే సోడాతో సరిపెట్టకండి. ఛాతీ బిగబట్టి చెమటలు పోస్తే గ్యాసనుకోకండి, అది గుండెపోటు కావచ్చు. వెంటనే దవాఖానకు పోండి.

నా సొట్ట అలాగే ఉంది. నిన్న సాయంత్రం ఆమె మూత తీసింది. మూడు అరలూ ఖాళీ. ఏమీ అడగకుండా నన్ను కడిగి బోర్లించింది.