ఉత్తరం మనింట్లోనే ఉండేది

మా మేనల్లుడు అండమాన్‌లో ఉంటాడు. కట్టుబడి పనికని వెళ్ళి అక్కడే మేస్త్రీ అయ్యాడు. వాళ్ళ నాన్న, మా బావ, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఉద్దానం ప్రాంతంలో ప్రతి ఇంటికీ ఉండే కిడ్నీ జబ్బు భయం ఆ ఇంట్లో నిజమైంది. బావకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మొన్న డాక్టరుగారు, “పాత క్రియాటినిన్ లెక్కలన్నీ పట్టుకురండి, ఏ ఏడు ఎంత పెరిగిందో చూడాలి” అన్నారు. ఆ రిపోర్టులన్నీ మేనల్లుడి మెయిల్‌లో ఉన్నాయి, ఎనిమిదేళ్ళవి. వాడు ఫోను మార్చాడు, నంబరూ మార్చాడు. మెయిల్ తెరుద్దామంటే పాస్‌వర్డు గుర్తులేదు. ఓటీపీ పాత నంబరుకి పోతోంది, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరి దగ్గరో ఉంది.

“మావయ్యా, ఇది నువ్వేనో కాదో మాకు నమ్మకం లేదంటంది కంపెనీ. ఇప్పుడేటి సెయ్యాల?” అని ఫోన్లో అడిగాడు. గొంతులో ఏడుపు ఉంది. నాకు తెలిసిన మార్గాలన్నీ చెప్పాను. ఏ మార్గం చివరా మనిషి లేడు. ఎక్కడ నొక్కినా తిరిగి తిరిగి మొదటి పేజీకే తెచ్చి పడేస్తోంది. తండ్రి రక్తం లెక్కలు కొడుకు చేతికి ఇవ్వడానికి ఏ దేశంలోనో ఉన్న యంత్రం ఒప్పుకోవాలట.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదంటే పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను.

1999లో నేను పలాస కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక షావుకారు దగ్గర లెక్కలు రాసేవాడిని. ఇల్లు టెక్కలి దగ్గర రావివలసలో. పొద్దున్నే సైకిలు మీద టెక్కలి, అక్కడ బస్సెక్కి పలాస. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ వాళ్ళు. అది మా దాకా రావడానికి నాలుగేళ్ళు పట్టింది. వచ్చాక కూడా ఊరు దాటి ఎస్టీడీ కలపాలి. ఎస్టీడీకి రాత్రి 11 దాటితే పావు ఛార్జీ. అందుకని మా మెయిల్ ఉత్తరాలు రాత్రి 11 తర్వాతే నడిచేవి.

ఆఫీసులో మనుషులు ఐదుగురు, ఇంటర్నెట్ ఖాతా ఒకటే. ఢిల్లీ ఖారీ బావ్లీ నుంచి ధర అడుగుతూ ఉత్తరం వస్తే షావుకారు చూడాలి. లారీ సంగతైతే గొడౌను గుమస్తా చూడాలి. బ్యాంకు కాగితమైతే నేను చూడాలి. అన్నీ ఒకే పెట్టెలో పడితే ఎవరిది ఎవరు చదివారో తెలిసేది కాదు. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో దీనికి మందు దొరికింది. మెయిల్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్. మన సొంత కంప్యూటర్‌లో వేసుకుంటే అదే పోస్టాఫీసు. ఎండీమన్, వీపాప్3, మెర్క్యురీ, ఆర్గోసాఫ్ట్ అని అప్పట్లో రకరకాల పేర్లుండేవి. మా దగ్గరిది కూడా అలాంటిదే, ముప్పై రోజులు ఊరికే వాడుకోనిచ్చే షేర్‌వేర్.

64 ఎంబీ మెమరీ ఉన్న విండోస్ 98 కంప్యూటర్‌లో వేశాను. ఇవాళ చేతిలో పట్టే ఫోనుకి దానికంటే వంద రెట్లు మెమరీ ఉంటుంది, అయినా సొంతానికి ఒక్క ఉత్తరం పుచ్చుకోలేదు. మా డబ్బా పుచ్చుకునేది. రాత్రి 11 గంటల 5 నిమిషాలకి తనే ఫోను కలిపి, మా పేరు మీద వచ్చిన ఉత్తరాల మూటని ఒక్కసారి దింపుకునేది. ఒక్కో ఉత్తరం తల తెరిచి ‘ఎవరికి’ అన్నచోట ఏ పేరుందో చూసి, ఆ పేరు గల పెట్టెలో వేసేది. పగలంతా మేం రాసి పెట్టుకున్నవి పంపేసి, ఫోను పెట్టేసేది. ఆరేడు నిమిషాల్లో పని పూర్తయ్యేది. లైను మీద నమ్మకం లేక మొదట్లో నేను ఆఫీసులోనే పడుకునేవాణ్ణి, జీడిపిక్కల బస్తాల పక్కన చాప వేసుకుని.

ఆ కిటికీలో ఒక్కో వరసే పైకి జరుగుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. అవతలి సర్వర్ ముందు 220 అంటుంది, అంటే ‘ఉన్నాను, చెప్పు’ అని. మనది ‘హెలో’ అంటుంది. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు, ఎల్ ఒక్కటే. అక్కణ్ణుంచి 250. ఫలానావాడి దగ్గర్నుంచి అంటే మళ్ళీ 250. ఫలానావాడికి అంటే అక్కడ అలాంటి మనిషి ఉంటే 250, లేకపోతే 550. ఆ తర్వాత ఉత్తరం అంతా చదివి వినిపించి, చివర ఒక వరసలో ఒకే ఒక్క చుక్క పెడుతుంది. ఆ చుక్క పడేదాకా అవతలివాడు ఓపిగ్గా వింటూనే ఉంటాడు. చుక్క పడ్డాక 250 వచ్చిందంటే ఉత్తరం బాధ్యత వాడిది. జాన్ పోస్టెల్ అనే పెద్దమనిషి 1982లో రాసిపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ ప్రపంచంలో దాదాపు ప్రతి మెయిలూ ఆ మాటలతోనే నడుస్తోంది. చదువుకున్న పిల్లల్ని అడిగి చూశాను, ఒక్కరికీ తెలీదు.

షావుకారుకి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. జీడిపప్పు వ్యాపారం అంకెల మీదే నడుస్తుంది. 320 గ్రేడంటే పౌనుకి మూడొందల నుంచి మూడొందల ఇరవై దాకా తూగే గుళ్ళు, 180 అంటే ఇంకా లావువి. అందుకని సర్వర్ అంకెలు కూడా రెండ్రోజుల్లో పట్టేశాడు. పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పుతూ అడిగేవాడు:

“ఏటి బావూ, రాత్రి అన్నీ 250లేనా?”

“ఒకటి 450 వచ్చిందండీ.”

“అంటే మళ్ళీ రమ్మన్నాడు. 550 అయితే కదా గెంటేసినట్టు. సరే, రాత్రికి మళ్ళీ పంపు.”

నాలుగో తరగతితో చదువాపేసిన మనిషి తన ఉత్తరం ఎక్కడిదాకా వెళ్ళిందో, ఏ గుమ్మంలో ఆగిందో చెప్పగలిగేవాడు. ఇప్పుడు ఇంజినీర్లు కూడా ‘పంపాను, మీ స్పామ్‌లో చూసుకోండి’ అంటారు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని గుమ్మంలో వేశాడా చెత్తకుండీలో వేశాడా అన్నది పంపినవాడికీ తెలీదు, అందుకునేవాడికీ తెలీదు.

చిక్కులు లేవని నేననను. ఎవరైనా చాటున నకలు పంపితే, అదే బీసీసీ, ఉత్తరం తల మీద మా పేరే ఉండేది కాదు. ఎవరిదో తెలియక సర్వర్ దాన్ని పోస్ట్‌మాస్టర్ పెట్టెలో వేసేది. పోస్ట్‌మాస్టర్ని నేనే. ఇలాంటివి రోజుకి రెండో మూడో వచ్చేవి, చేత్తో విడదీసి అందించేవాణ్ణి. కవరు మీది చిరునామా వేరు, లోపలి కాగితం మీద రాసిన చిరునామా వేరు అని నాకు అప్పుడే తెలిసింది. ఉత్తరాన్ని చేర్చేది కవరు, మనకి కనబడేది కాగితం. మోసగాళ్ళు బ్యాంకు పేరుతో మెయిల్ పంపగలుగుతున్నది ఈ సందులోంచే. మా సర్వర్ నేర్పిన ఆ ఒక్క పాఠం వల్ల ఇన్నేళ్ళలో ఒక్క దొంగ ఉత్తరానికీ నేను లొంగలేదు.

ముప్పై రోజులు గడిచాక ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోలేదు. తెరిచిన ప్రతిసారీ ‘గడువు అయింది, నచ్చితే డబ్బు కట్టండి’ అని ఒక చిన్న కిటికీ చూపించేది, అంతే. “పని సేస్తంది కదా, డబ్బెందుకు?” అన్నాడు షావుకారు. కాశీబుగ్గ సంతలో పనసపండు కోసి, ఒక తొన చేతిలో పెట్టి, ‘తిని చూడండి, నచ్చితేనే కొనండి’ అనే అమ్మిని గుర్తు చేశాను. తొన తినేసి నడిచిపోతామా? ఆయన ఇంకేం అనలేదు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళలో మొదటివాడు ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే అమెరికా మనిషి, 1982లో. అక్కడి ఒక టీవీ వాళ్ళు ప్రేక్షకుల్ని చందా అడుగుతుంటే చూసి, సాఫ్ట్‌వేర్‌కీ అలాగే అడుగుదామనుకున్నాడట. నకళ్ళు తీసుకోండి, పంచుకోండి, బాగుంటే డబ్బు పంపండి అన్నాడు. జనం పంపారు.

మేమూ పంపాం. డాలర్లు పంపడం ఆ రోజుల్లో మాటలు కాదు. విశాఖ వెళ్ళి, బ్యాంకులో ఎందుకు పంపుతున్నామో కాగితాలు నింపి, డ్రాఫ్టు తీసి, రిజిస్టరు పోస్టులో వెయ్యాలి. రెండు రోజుల పని పోయింది. మూడు వారాలకి ఒక రాత్రి మెయిల్ దిగింది. అందులో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వరస ఉంది, అదే తాళం చెవి. దాన్ని కొట్టగానే కింద షావుకారు పేరు వచ్చింది, ‘వీరికి చెందినది’ అని. కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. ఒకసారి కట్టాం, జీవితాంతం మాది. నెలనెలా అద్దె లేదు. ఇప్పుడు ఏది ముట్టుకున్నా చందా. చందా ఆగిన రోజే మన సొంత కాగితం మనకి కనిపించదు.

అలాంటి సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్ళు కూడా వేరే రకం మనుషులు. మెర్క్యురీ రాసింది న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊరి డేవిడ్ హారిస్, ఒక్కడే. 1990లో పెగాసస్ మెయిల్ ఇచ్చాడు, తర్వాత మెర్క్యురీ సర్వర్ ఇచ్చాడు. రెండూ ఉచితంగానే. మాన్యువల్ పుస్తకం కొన్నవాళ్ళ డబ్బుతో బతుకు నడిపాడు. 2007లో ఇక నడపలేనని ప్రకటిస్తే వాడుకునేవాళ్ళు ఊరుకోలేదు, మళ్ళీ మొదలుపెట్టించారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు సొంత చుట్టం కోలుకున్నంత సంతోషం వేసింది.

2003లో ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాక పాతదాన్ని రావివలస ఇంటికి తెచ్చుకుని మెర్క్యురీ వేశాను. మా ఊరి శివుడు ఎండల మల్లికార్జునుడి గుడికి పైకప్పు లేదు, ఎండావానా ఆయన నెత్తిమీదే. ఆ ఎండ ఎలాంటిదో మా ఊళ్ళో మే నెల గడిపితే తెలుస్తుంది. డబ్బా పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాను పెట్టి నడిపాను. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, ఫైలు పేరు చివర సీఎన్ఎమ్ అని ఉండేది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. పై వరసల్లో ఆ ఉత్తరం ఏ ఊరి యంత్రం చేతి నుంచి ఏ యంత్రం చేతికి మారిందో గంట, నిమిషం, సెకనుతో సహా పోస్టాఫీసు ముద్రల్లా వరసగా ఉండేది. అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, ఆర్టీఎస్ పద్ధతిలో రాసేవాడు. అవి కూడా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. షావుకారు కొడుకుకి పాత సరుకు లావాదేవీల ఉత్తరాలు కావలసివచ్చాయి. ఆయన మెయిలంతా ఎక్కడో మబ్బుల్లో ఉంది, మబ్బు దాకా వెళ్ళే దారే లేదు. పక్కింటివాళ్ళ జనరేటర్ నుంచి వైరు లాగి నా పాత డిస్కు తిప్పాను. 1999 నాటి ఉత్తరం పావుగంటలో దొరికింది. ఆ రాత్రి ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మేనల్లుడి గొడవ చూశాక మళ్ళీ సొంత సర్వర్ పెడదామనుకున్నాను, ఇంట్లో అందరి రిపోర్టులూ, పట్టా కాగితాలూ అందులోనే ఉండేలా. ఇప్పుడు ఇంటికి ఫైబర్ ఉంది, వేగానికి లోటు లేదు. కానీ మా ఇంటికంటూ సొంత ఇంటర్నెట్ చిరునామా లేదట, బోలెడు ఇళ్ళకి కలిపి ఒకే డోర్ నంబరు. ఫైబర్ వాళ్ళని అడిగితే ఖరీదు ఎక్కువైన వ్యాపార ప్లాను తీసుకోమన్నారు. ఉత్తరాలు వచ్చే 25వ నంబరు పోర్టుకి తాళం వేసి ఉంది. అది తెరిచినా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు గుర్తింపు పత్రాలు ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద మెయిల్ కంపెనీలు వాటి మీద ఇంకా గట్టిగా పట్టుబడుతున్నాయి. మూడూ పెట్టుకోవడం నాకు వచ్చు. అన్నీ పెట్టుకున్నా, ‘ఈ ఊరి పోస్టాఫీసు పేరు మేం వినలేదు’ అని మన ఉత్తరాన్ని స్పామ్‌లో పడేసే అధికారం వాళ్ళదే.

తప్పు మా తరానిది కూడా ఉంది, ఒప్పుకుంటాను. అప్పట్లో సర్వర్లన్నీ తలుపులు బార్లా తీసి పెట్టారు. ఎవరి ఉత్తరాన్నైనా ఎవరైనా ముందుకి పంపేవాళ్ళు, అది మర్యాద అనుకున్నారు. అందులోంచి దొంగలు దూరి కోట్ల కొద్దీ చెత్త మెయిళ్ళు పంపారు. తాళాలు పడడానికి కారణం అదే. కానీ దొంగల భయంతో వేసిన తాళాల చెవులు ఊరి వాళ్ళ దగ్గర ఉండాలి కదా. నలుగురైదుగురు పెద్ద దుకాణదారుల గుత్తిలోకి ఎలా చేరాయి?

బావ రిపోర్టులు కొన్ని దొరికాయి. ల్యాబు ఆయన పాత రిజిస్టరు తిరగేసి మూడేళ్ళవి చేత్తో రాసి ఇచ్చాడు. మిగతా ఐదేళ్ళవి లేవు. దొరికినవాటిని స్కాన్ చేసి రెండు డిస్కుల్లో పెట్టాను, ఒకటి మా ఇంట్లో, ఒకటి బావ ఇంట్లో. పోర్టు తెరవమని, సొంత నంబరు ఇవ్వమని అర్జీ పెట్టి నాలుగు నెలలైంది. సోమవారం ఆ పని మీద మళ్ళీ టెక్కలి వెళ్తున్నాను.