మీ వాటా ముట్టిందా?

రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు. తలసరి అంటే తలకు ఇంత అని. నిన్న పుట్టిన పాపదీ తలే, మంచం పట్టిన తాతదీ తలే. కాబట్టి ఇంట్లో నలుగురుంటే ఏడాదికి 15,19,004 రూపాయలు వచ్చి ఉండాలి. ఆ నాలుగు రూపాయలు ఆటోవాడి దగ్గర చిల్లర లేక పోయాయనుకుందాం. మిగతావి ఏవీ? బీరువాలో వెతకండి. ఇంటావిడను మాత్రం అనుమానించకండి, ఆమె వాటా కూడా దొరకడం లేదు.

తలసరి ఆదాయంలో జిల్లాలన్నిటికీ పెద్దన్న రంగారెడ్డి. గచ్చిబౌలి ఆ జిల్లాలోదే గనక అక్కడ ఏదో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగి చూద్దాం (అంకెలు నేను వేసినవే, లెక్క సుళువుగా తెగాలని). పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్‌కు నెలకు 12 వేలు. నాలుగిళ్లలో అంట్లు తోమే ఆమెకూ 12 వేలే. గేటు పక్కన ఇస్త్రీ బండి అతనికి 18 వేలు, డ్రైవరుకు 20 వేలు. డ్రైవరు తలుపు తీస్తే దిగి లిఫ్టెక్కే ఐదో అంతస్తు సారుకు 4,38,000. మొత్తం ఐదు లక్షలు, ఐదుగురు మనుషులు. సగటు తలా లక్ష! లక్ష తీసుకునేవాడు మాత్రం అందులో ఒక్కడూ లేడు. ఈ శుభవార్త వాచ్‌మన్‌కు చెబితే ఏమంటాడు? "గట్లనా సారూ! మరి నా లక్ష ఎవలి తాన ఉన్నది?"

వచ్చే ఏడు సారు జీతం రెట్టింపయిందనుకోండి. సగటు 1,87,600కు ఎగబాకుతుంది. కింది నలుగురికీ పైసా పెరగలేదు, అయినా వాళ్లు 87.6 శాతం అభివృద్ధి చెందారు. వాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

పదో తరగతి లెక్కల పుస్తకంలో సగటు పక్కనే మధ్యగతం, బాహుళకం అని మరో ఇద్దరుండేవారు. పరీక్ష రాసేసి వాళ్లను అక్కడే వదిలేసి వచ్చాం. జీతాలను చిన్నది మొదలు పెద్దది దాకా వరసగా నిలబెడితే నట్టనడుమ నిలిచేది మధ్యగతం. మన సెల్లారులో అది 18 వేలు, ఇస్త్రీ బండి అతనిది. సారు జీతం కోటికి చేరినా అది అంగుళం కదలదు. ఎక్కువసార్లు కనిపించేది బాహుళకం, అంటే 12 వేలు. ఒకే సెల్లారుకు మూడు అంకెలు, మూడూ నిజాలే. వీటిలో ఏది ఫ్లెక్సీ ఎక్కుతుందో వేరే చెప్పాలా?

అసలు తలసరి ఆదాయం జీతాల సగటు కూడా కాదు. ఏడాదిలో రాష్ట్రంలో జరిగిన ఉత్పత్తి విలువలోంచి తరుగుదల తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. కంపెనీల లాభాలూ అందులో కలిసే ఉంటాయి. ఆ లాభం ఏ ఊరి బ్యాంకుకు చేరినా, రాసేది మన తలల మీదే.

అలాగని సగటును పూర్తిగా తిట్టలేను. ఖజానా వాళ్లకు అది కావాలి: తలలతో గుణిస్తే మొత్తం తిరిగి వస్తుంది. మధ్యగతంతో ఆ పని జరగదు. మొత్తం కోసం పుట్టిన అంకెను తెచ్చి మనిషికి తొడగడంతోనే పేచీ.

వాన లెక్కా ఇంతే. జిల్లాలో మామూలు కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా వాతావరణ శాఖ దృష్టిలో సాధారణ వర్షపాతమే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 తర్వాత అన్నిటికంటే పొడి ఆగస్టు. రెండూ కలిపి రెండుతో భాగించుకోమని పత్తి రైతుకు చెప్పి చూడండి. దూరంగా నిలబడి చెప్పండి.

సగటు చూపించే ఈ విద్యలో ఇంజనీరింగ్ కాలేజీలు ప్రభుత్వాలకే పాఠం చెప్పగలవు. ఫ్లెక్సీ మీద ఒక కుర్రాడి ఫోటో, పక్కన అతని ప్యాకేజీ, కింద 'సగటు ప్యాకేజీ'. ఆ కుర్రాడి జీతం సగటులో కలుస్తుంది, ఉద్యోగం రానివాళ్ల సున్నాలు కలవవు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు మాత్రం కాలేజీ చెప్పాల్సింది మధ్యగత జీతం. అదీ ఉద్యోగం వచ్చినవాళ్లదే అనుకోండి. ఆ వివరాల పత్రాన్ని కాలేజీలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఆ పత్రం తెరవండి. జీతం అంకెతో పాటు, ఎంతమంది చదివితే ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో కూడా చూడండి.