లోడయితే సరా, లెక్క తేలొద్దూ?

మా రోజుల్లో బ్యాంకు డేటా లోడంటే రాత్రంతా జాగారమే. పొద్దుగూకాక బ్రాంచీల ఫైళ్లు ఎఫ్‌టీపీలో వచ్చేవి, కొన్ని టేపుల మీద వచ్చేవి. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ లోడర్‌కి కంట్రోల్ ఫైలు రాసుకునేవాళ్లం. ఏ కాలమ్ ఎక్కడ మొదలవుతుందో, తేదీ ఏ ఫార్మాట్‌లో ఉంటుందో అన్నీ అందులో చెప్పాలి. మధ్యలో టేబుల్‌స్పేస్ నిండిందంటే డీబీఏని నిద్ర లేపాల్సిందే.

ఇప్పుడు ఆ బాధ లేదు. 2006లో అమెజాన్ ఎస్3 వచ్చింది, 2013లో రెడ్‌షిఫ్ట్ అందరి చేతికీ అందింది. ఫైళ్లు బకెట్‌లో పడేసి కాపీ కమాండ్ ఒక్కటి కొడితే నోడ్లన్నీ తలా కొన్ని పంచుకుని ఒకేసారి లాగేస్తాయి. స్నోఫ్లేక్‌లో స్నోపైప్ పెడితే ఫైలు వచ్చిన కాసేపటికే అదే ఎక్కించేస్తుంది. అక్కడి కాపీ కమాండైతే ఏ ఫైలు ఎక్కిందో 64 రోజులు గుర్తుపెట్టుకుని, అదే ఫైలును రెండోసారి ముట్టుకోదు. మేం ఆ పనికి ఎక్కిన ఫైళ్లకు పేరు మార్చి వేరే ఫోల్డర్లో దాచుకునేవాళ్లం. సుఖం పెరిగింది, కాదనను.

నా గోడల్లా లెక్క గురించే. అప్పట్లో ప్రతి ఫైలు చివరా ట్రైలర్ రికార్డు ఉండేది: ఇన్ని వరుసలు, ఇంత సొమ్ము అని. టేబుల్లో కౌంటూ మొత్తమూ తీసి, దాంతో సరిపోల్చందే ఎవరూ ఇంటికి కదిలేవారు కాదు. బ్యాడ్ ఫైలు తెరిచి తిరస్కరించిన వరుసలు ఒక్కొక్కటీ చదివేవాళ్లం. చిరునామాలో అదనంగా ఒక కామా పడితే కాలమ్‌లన్నీ పక్కకు జరిగి, పిన్‌కోడ్ ఉండాల్సిన చోట ఊరి పేరు కనబడేది. ఇంకోచోట ఫిబ్రవరి 30 అని తేదీ. పొద్దున్నే ఆ బ్రాంచికి ఫోన్ చేసి సరిచేయించి మళ్లీ ఎక్కించేవాళ్లం.

ఇప్పుడు లోడ్ ఆగితే కుర్రాళ్లు ముందు పెట్టేది ‘ఆన్ ఎర్రర్ కంటిన్యూ’. చెడ్డ వరుసలు జారిపోతాయి, మిగతావి ఎక్కుతాయి, డ్యాష్‌బోర్డు పచ్చగా వెలుగుతుంది. జారిపోయిన వరుసలో ఒకరి పింఛను ఉండొచ్చు, ఒకరి వాయిదా ఉండొచ్చు. అడిగేవాడు లేడు.

ఇందులో పనిముట్ల తప్పేమీ లేదు. మా ఎస్‌క్యూఎల్ లోడర్ మనమేమీ చెప్పకపోతే 50 తప్పుల దాకా ఊరుకునేది. నేటి రెడ్‌షిఫ్ట్‌లో ఆ హద్దు సున్నా, బిగ్‌క్వెరీలోనూ సున్నా. స్నోఫ్లేక్ కాపీ కూడా తప్పు కనబడగానే ఆగిపోతుంది. పైగా ఏ ఫైల్లో, ఏ లైన్లో, ఏ కాలమ్‌లో, ఎందుకు చెడిందో రెడ్‌షిఫ్ట్ సిస్టమ్ టేబుల్లో రాసిపెడుతుంది. అప్పుడు పనిముట్టు చూసీచూడనట్టు వదిలేసినా మనిషి వదిలేవాడు కాదు. ఇప్పుడు పనిముట్టు వద్దని ఆపుతున్నా మనిషే తోసుకుని పోతున్నాడు.

బాబూ, మీ పైప్‌లైన్లు మీరే నడుపుకోండి. కానీ ప్రతి లోడ్ తర్వాతా మూడు ముక్కలు రాసిపెట్టండి: ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎక్కాయి, తేడా ఎందుకొచ్చింది. మూడోదానికి జవాబు దొరికేదాకా లోడ్ పూర్తయిందని ఎవరికీ మెయిలు పెట్టకండి.