పండుగాడి షుగరు పద్దు

రిటైరైన అకౌంట్స్ ఆఫీసరు చేతికి గ్లూకోమీటరు ఇవ్వకూడదు. ఇస్తే ఏమవుతుందో చూడాలనుకునేవాళ్ళు కూకట్‌పల్లిలోనో పటమటలోనో అలాంటి ఇంటికి పొద్దున ఆరింటికి వెళ్ళి తలుపు తట్టవచ్చు. తియ్యరు. "ఆగండి, చెవి వేడెక్కుతోంది" అని లోపల్నుంచి వినిపిస్తుంది.

ఈయన్ని పెదనాన్న అందాం. ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు గనక వేరే పేరు అక్కర్లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ప్రయాణభత్యం బిల్లుల్లో రూపాయి తేడా పట్టుకుని జనాన్ని ఏడిపించాడు. గ్యాస్ సిలిండరు మీద మార్చిన తేదీ సుద్దముక్కతో రాస్తాడు. శుభలేఖ అందుకోగానే అందులో తిథి తప్పు పడిందని ఫోన్ చేస్తాడు. కొడుకు అమెరికా వెళ్తూ అప్పగించిన పిల్లిని కొన్నాళ్ళు "అది" అన్నాడు. తరవాత "వాడు" అన్నాడు. ఇప్పుడు వాడికి షుగరు వచ్చింది.

రాకేం చేస్తుంది? పండు మగపిల్లి, ఆపరేషనైంది, పదకొండేళ్ళు, ఏడు కిలోలు, సోఫా దిగడు. పిల్లుల్లో ఈ జబ్బు ఎక్కువగా పట్టుకునేది ఇలాంటివాళ్ళనే. మాంసం తిని బతకాల్సిన ప్రాణికి పెద్దమ్మ పూటపూటా పాలన్నం కలిపి పెట్టింది. నీళ్ళగిన్నె నింపినకొద్దీ ఖాళీ. తిండి తింటూనే చిక్కిపోయాడు. వెనకకాళ్ళ మడమలు నేలకానించి నడవడం మొదలెట్టాడు. "వాతం" అంది పెద్దమ్మ. డాక్టరమ్మ మాత్రం షుగరంది, 12 గంటల తేడాతో రెండుపూటలా ఇన్సులిన్ అంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆసుపత్రి బల్లమీద భయంతోనే పిల్లుల షుగరు 300 దాటిపోవచ్చని, అసలు లెక్క ఇంట్లో చూస్తేనే తేలుతుందని, చెవి అంచున సూదితో గుచ్చి చూడ్డం మీరే నేర్చుకోమని కూడా చెప్పింది. "అసలు లెక్క" అన్నమాట పెదనాన్న చెవిన పడకుండా ఉండాల్సింది.

మొదట్లో ఆ ఇంట్లో రక్తానికి కొరత లేదు. అది పిల్లిది కాదు, అంతే. చెవి వెనక దూది ఒత్తిపెట్టి పట్టుకోమని డాక్టరమ్మ ఎందుకందో, సూది చెవిలోంచి దూసుకొచ్చి తన బొటనవేల్లో దిగాక ఆయనకు బోధపడింది. తరవాత ఒక బొట్టు వచ్చి బొచ్చులో ఇంకిపోయింది. ఇంకొకటి చక్కగా నిలిచింది గానీ, పండు తల విదిలించేసరికి వేంకటేశ్వరస్వామి క్యాలెండరు మీద పడింది. మీటరులో ఎర్రర్. స్ట్రిప్పు ఖరీదు తెలిసిన మనిషి గనక ప్రతి ఎర్రర్‌నూ రిజిస్టర్లో "వృథా" పద్దు కింద తేదీతో సహా రాశాడు.

ఇప్పుడు చెయ్యి తిరిగింది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంటుంది. పాత మేజోట్లో గుప్పెడు బియ్యం పోసి ముడేసి, మైక్రోవేవ్‌లో వేడిచేసి, ముందు తన చెంపకు ఆనించుకుని చూసి, అప్పుడు వాడి చెవికి కాపడం పెడతాడు. వెనకనుంచి సెల్‌ఫోన్ లైటు వేస్తే అంచు వెంబడి సన్నటి నరం కనిపిస్తుంది. గుచ్చాల్సింది నరాన్ని కాదు, దానికీ అంచుకీ మధ్య. బొట్టు జారిపోకుండా గుండ్రంగా నిలవడానికి అక్కడ వాజిలిన్ పలచగా రాస్తాడు. టిక్. ఆవగింజలో సగం బొట్టు. స్ట్రిప్పు కొస తగలగానే అదే లోపలికి పీల్చుకుంటుంది. మీటరు లెక్కపెట్టే ఆ ఐదు సెకన్లూ ఇంట్లో మిక్సీ తిరగకూడదు.

ఆ వెంటనే ఉడికించిన చికెన్ ముక్క. శాకాహారుల ఇంట్లో, బాల్కనీలో, వేరే స్టవ్ మీద, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెద్దమ్మే ఉడికిస్తుంది. ఆ ముక్క మహిమవల్ల పండు వేళకు తనే వచ్చి చెవి అప్పగిస్తాడు. "నలభయ్యేళ్ళ కాపురంలో నాకు జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యేసి చూసిన పాపాన పోలేదు" అంటుంది ఆవిడ, ముక్కలు చిన్నవిగా తుంచుతూ.

మందులషాపు కుర్రాడి బాధ వేరు. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ దొరుకుతుంది, 100 యూనిట్లదీ దొరుకుతుంది. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజమూత. తారుమారైతే డోసు రెండున్నర రెట్లు అటో ఇటో అవుతుంది. పండుకు పడేది ఒక్క యూనిట్. కాబట్టి మూత రంగు దగ్గర పెదనాన్న చాదస్తాన్ని తప్పుపట్టలేం. తప్పుపట్టాల్సింది తరవాతి సంభాషణని. "పేషెంటు వయసెంత సార్?" "పదకొండు." "అయ్యో, పసివాడు!" "ఏం చేస్తాం బాబూ, కదలడు మెదలడు. ఎలకల్ని పట్టడం కూడా ఎప్పుడో మానేశాడు."

ఇంత చేసినా ఆయనతో అసలు చిక్కు సూది కాదు, ఉపన్యాసం. కాఫీకని వెళ్ళినవాడికి ముందు 1921 నాటి టొరంటో వినిపిస్తాడు. బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టింది కుక్కల మీద ప్రయోగాలు చేసి. "పుణ్యం కుక్కలది, అనుభవం పిల్లులది" అని ఆగుతాడు, మనం నవ్వాలి. పిల్లి నాలుకకు తీపే తెలియదట, ఆ రుచిని పట్టే జన్యువు వాటిలో పనిచెయ్యదని 2005లో తేల్చారట. "తీపే ఎరగనివాడికి షుగరేమిటి, ఇదేం న్యాయం?" అని మనల్నే నిలదీస్తాడు. మన రక్తంలో చక్కెర నూటికి 58 వంతులు ప్లాస్మాలో, మిగతాది ఎర్రకణాల్లో ఉంటుంది. పిల్లికి 93 వంతులు ప్లాస్మాలోనే. అందుకే మనుషుల మీటరు పిల్లి షుగరును తక్కువ చేసి చూపిస్తుందని, దాన్ని పక్కన పడేసి వాడికోసం వేరేది తెప్పించాడు. ఇదంతా అయ్యేసరికి కాఫీ చల్లారుతుంది. అందులో చక్కెర వేశారా అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఆ పక్కన పడేసిన మీటరుతో తన వేలు చూసుకోవచ్చు కదా అంటే మాత్రం మాట దాటేస్తాడు. దేశంలో పదికోట్లమందికి పైగా షుగరుందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఆ లెక్కలో తనున్నాడో లేడో తేల్చుకోవడం ఈ లెక్కలమనిషికి ఇష్టం లేదు. "నాకేం, దుక్కలా ఉన్నాను" అంటూ ఇంకో పూతరేకు మడత విప్పుతాడు.

అయినా ఒక తెల్లవారుజామున మీటరులో 48 పడ్డప్పుడు ఇన్సులిన్ సీసా ముట్టుకోకుండా, వాడి చిగుళ్ళకు తేనె రాసి, డాక్టరమ్మను నిద్రలేపి, అంకె పైకెక్కేదాకా మళ్ళీ మళ్ళీ చూస్తూ నేలమీద కూర్చున్నది ఈయనే. చూడకుండా రోజూ పొడిచే డోసు ఆ పూటా పొడిచేసి ఉంటే పండు దక్కేవాడు కాదు. రిజిస్టర్లో ఆ పేజీలో మాత్రం చేతిరాత వంకరగా ఉంటుంది.

పాలన్నం మానేసి, మాంసంలోకి దిగి, బరువు తగ్గాక పండుకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. కొన్ని పిల్లుల్లో అలా జరుగుతుంది. డాక్టరమ్మ సంబరపడి, ఇకనుంచి అప్పుడప్పుడు చూసుకుంటే చాలంది. పెదనాన్న మొహం మాడిపోయింది. "అప్పుడప్పుడంటే ఎన్నాళ్ళకండీ?" అని నాలుగుసార్లు అడిగాడు.

కింది ఫ్లాటువాళ్ళ పొమరేనియన్ ఈమధ్య నీళ్ళు ఎక్కువ తాగుతోందని ఇప్పుడు ఆయన అనుమానం. గిన్నె రోజుకెన్నిసార్లు నింపుతున్నారో పనమ్మాయిని అడిగి రాసుకుంటున్నాడు. కొత్త రిజిస్టరుకు అట్ట కూడా వేశాడు. కింది ఫ్లాటువాళ్ళకు ఇంకా తెలియదు.