శేషాచలం హద్దురాయి ఆత్మకథ

శేషాచలం కొండవాలు మీద రిజర్వు అడవికి సరిహద్దు గుర్తుగా పాతిన ఒక హద్దురాయి తన చరిత్రను తాను చెప్పుకోదలిస్తే, ఆ చరిత్రను అటవీశాఖ దస్తావేజులతో కాక భూగర్భంతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. ఈ రాయి నగరి క్వార్ట్‌జైట్ అనే శిల నుంచి వచ్చింది. ఒకనాటి నీటి ఒడ్డున పేరుకున్న ఇసుక, మీద పడిన పొరల బరువుకు రేణువుకు రేణువు అతుక్కుపోయి గట్టిపడగా ఏర్పడిన ఈ శిల వయస్సు సుమారు 160 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఇదే శిల తనకంటే ఎంతో పాతదైన గ్రానైట్ మీద నేరుగా కూర్చుని కనిపిస్తుంది. ఆ రెండింటి నడుమ 50 కోట్ల ఏళ్లకు పైబడిన కాలానికి చెందిన పొర ఒక్కటీ మిగలలేదు గనుక, ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని పిలిచే ఆ విచ్ఛేదాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఈ వివరం అడవి కథకు దూరమైనదేమీ కాదు. క్వార్ట్‌జైట్ త్వరగా అరగదు, అరిగినా మిగిలేది సారంలేని పలుచని మన్నే. వాన పడ్డ నీరు బండ నెర్రెల్లోకి జారిపోతుంది, వేసవిలో బండ కాలిపోతుంది. ఇటువంటి నేలకు అలవాటుపడిన మొక్క కిందికి దిగి నల్లరేగడిలోనో చెరువు కింద మాగాణిలోనో బతకడం కష్టం. పడమటి కనుమల మాదిరిగా, ఈ కొండలు భాగమైన తూర్పు కనుమలు ఒకే వరుసగా సాగవు, నదులూ మైదానాలూ వాటిని ముక్కలు ముక్కలుగా కోశాయి. వృక్షశాస్త్రంలో దీవి అంటే ఒక జాతి దాటిపోలేని నేల మధ్య చిక్కుకున్న ఆవాసమని అర్థం చెప్పుకుంటే, సముద్రానికి ఎడంగా ఉన్న ఈ కొండలు కూడా దీవులే. ఒక ప్రాంతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని జాతిని స్థానీయ జాతి అంటారు. ఎర్రచందనం, తెల్లకరక, మొగి, తంబజాలారి, కొండసాంబ్రాణి వంటివి ఈ కొండలకూ వీటి చుట్టుపక్కల కొండలకూ పరిమితమైన అటువంటి జాతులు.

హద్దురాయిగా ఈ రాయి పుట్టుకకు మూలం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. ఫలానా భూమిని రిజర్వు చేయదలిచామని ప్రభుత్వం నాలుగవ సెక్షన్ కింద ప్రకటించడం, సెటిల్మెంటు అధికారి వచ్చి చుట్టుపక్కల పల్లెల వాళ్ల మేపు హక్కులూ, దారి హక్కులూ, కట్టెల హక్కులూ విని తేల్చడం, ఆ తరువాత పదహారవ సెక్షన్ కింద తుది ప్రకటన వెలువడడం ఆ చట్టం పెట్టిన క్రమం. ఆ క్రమంలో కొలిచిన గీత మీద, కొండలోనే దొరికిన బండను చెక్కి, వరుస సంఖ్య తొలిచి, సున్నం పూసి నిలబెట్టారు. గీత గీసినవారి దృష్టి ప్రధానంగా కలప మీద, వంటచెరకు మీద ఉంది. అప్పటికి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న ఈ వాలు 1911లో చిత్తూరు జిల్లాలోకీ, 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకీ మారింది గాని రాయి మాత్రం జరగలేదు.

ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడు, 1883లో, థిసెల్టన్ డయ్యర్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఈ కొండల మొక్క ఒకదానికి సైకస్ బెడోమీ అని శాస్త్రీయ నామం పెట్టాడు. మద్రాసు అటవీశాఖకు చాలాకాలం అధిపతిగా ఉండి, తిరుపతి కొండల బంగారు బల్లిని కూడా శాస్త్రలోకానికి తెలియజేసిన బెడోమ్ పేరు అందులో నిలిచింది. స్థానికులు పేరీత అనే ఈ మొక్క పైకి పొట్టి ఈతచెట్టులా కనిపించినా ఈతకు చుట్టం కాదు. ఇది పువ్వూ కాయా లేకుండా విత్తనాన్ని బయటే మోసే వివృతబీజాల వర్గానిది; అందులోనూ డైనోసార్ల కాలంలో భూమి మీద విస్తారంగా పెరిగిన సైకడ్ల తెగకు చెందినది.

ఈ రాయికి నాలుగడుగుల దూరంలో ఉన్న పేరీత కాండం మోకాలెత్తు కూడా లేదు. రాలిన ఆకుల మొదళ్లు పొలుసుల్లా కప్పిన ఆ కాండం మీద ఏటేటా బోదగడ్డితో పాటు రగిలే మంటల మసి పొరలు పొరలుగా అంటుకుని ఉంటుంది. మంట చల్లారాక తొలకరి పడే వేళకు, ఆ నల్లటి మోడు నడినెత్తిన లేత ఆకులు ఒక్కసారిగా లేస్తాయి, వాటి సన్నని ఆకురెబ్బలు ఒక్కొక్కటీ గడియారపు స్ప్రింగులా చుట్టుకుని ఉండి, కొద్ది రోజుల్లో విప్పుకుంటాయి. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పుప్పొడినో విత్తనాలనో మోసే పొలుసుల గుత్తి, అంటే శంకువు, వేసేదాకా ఏది ఏదో చెప్పడం కష్టం. మగ శంకువులోని పుప్పొడి అందకపోతే ఆడ మొక్క విత్తనం మొలకెత్తదు. ఆ మగ శంకువులనే బలవర్ధక ఔషధమని నమ్మి కోసుకుపోతున్నారు. నిదానంగా పెరిగే జాతిలో ఒక శంకువు పోవడమంటే ఆ వాలుకు ఆ ఏటి విత్తనం పోవడమే కావచ్చు.

మంట విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. పెద్ద మొక్క అగ్గిని తట్టుకుంటుంది, కాలిన వాలులో చిగురిస్తుంది కూడా. తట్టుకోలేనివి నేల మీద పడ్డ విత్తనం, రెండు మూడు ఆకుల మొలక. కొత్త గడ్డి కోసమో, అజాగ్రత్త వల్లనో వాలు ఏటేటా కాలితే ముసలి మొక్కలు నిలిచే ఉంటాయి, వాటి పక్కన పిల్ల మొక్క ఒక్కటీ కనిపించదు. అటువంటి చోట మొక్కలను లెక్కపెట్టినవారికి జాతి క్షేమంగానే ఉన్నట్టు తోస్తుంది. 2014 మార్చిలో తిరుమల సమీపంలో శేషాచలం అడవి తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు చల్లవలసి వచ్చింది. అంత పెద్ద మంట వార్తలకెక్కింది. ఏటా పాకే చిన్న మంటను ఆపేది వేసవికి ముందు గడ్డి చెక్కి ఫైర్‌లైన్లు తీసే కూలీలూ, వాచర్లూ.

ఈ రాయి పక్కగా తరువాతి కాలంలో మరిన్ని గీతలు వచ్చి చేరాయి. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడింది. జాతీయ ఉద్యానమంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పశువుల మేపును సైతం అనుమతించని కట్టుదిట్టమైన ప్రాంతం. అదే చట్టానికి 1991లో చేసిన సవరణ, 17ఎ సెక్షన్ ద్వారా, పేర్కొన్న మొక్కలను అడవి నుంచి పెరకడాన్నీ, కోయడాన్నీ, దగ్గర ఉంచుకోవడాన్నీ, అమ్మడాన్నీ నిషేధించింది. దేశం మొత్తం మీద అప్పుడు ఎంచిన పేర్లు ఆరే ఆరు. వాటిలో మొదటిది పేరీత. షెడ్యూల్డు తెగల వారు తాము నివసించే జిల్లాలో సొంత అవసరానికి సేకరించుకునే హక్కును ఆ సెక్షన్ కాపాడింది. ఈ కొండల అంచున బతికే యానాదుల వంటి వారికి ఇది న్యాయమైన ఏర్పాటు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కూడా పేరీతను అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంచింది. 2010లో 4,755 చదరపు కిలోమీటర్లతో శేషాచలం జీవావరణ రిజర్వు ప్రకటితమైంది. మధ్యలో గట్టి రక్షణ, దాని చుట్టూ పరిమిత వినియోగం, ఆ వెలుపల ఊళ్లూ పొలాలూ ఉండేలా మూడు వలయాలుగా దాన్ని విభజిస్తారు. అయితే జీవావరణ రిజర్వులకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అడవికో ఉద్యానానికో ముందునుంచీ ఉన్న రక్షణే అక్కడా రక్షణ.

ఇన్ని గీతలున్నా ఒక లోపం మిగిలింది. మొక్కను పేరుపెట్టి కాపాడే సెక్షన్ ఒకటుంది, నేలను కాపాడే హద్దు మరొకటుంది. ఈ మొక్కకు ఈ వాలు కావాలని చెప్పే ప్రకటన లేదు. హవాయి దీవుల అనుభవం ఇక్కడ పనికివస్తుంది. అక్కడి స్థానిక పుష్పజాతుల్లో దాదాపు తొంభై శాతం ప్రపంచంలో మరెక్కడా లేవు. అమెరికా 1973లో చేసిన అంతరించే జాతుల చట్టం కింద ఆ మొక్కలకు కీలక ఆవాసాలను, అంటే జాతి కోలుకోవడానికి తప్పనిసరి అయిన నేలలను, పటం గీసి ప్రకటిస్తారు. ఈనాడు మొక్క లేకపోయినా రేపు దానికి అవసరమనిపించిన చోటును కూడా అందులో చేర్చవచ్చు. ఫెడరల్ ప్రభుత్వం చేపట్టే, డబ్బిచ్చే, అనుమతించే ఏ పనీ ఆ నేలను పాడుచేయకూడదు. 2010లో కవాయీ దీవిలో ఒక్కో మొక్కకు విడివిడిగా కాక, కలిసి బతికే మొక్కలన్నింటికీ కలిపి జీవావరణ వ్యవస్థల వారీగా హద్దులు నిర్ణయించారు. క్వార్ట్‌జైట్ వాలు మీద పేరీత, మొగి, తెల్లకరక, కొండసాంబ్రాణి పక్కపక్కనే పెరిగే శేషాచలానికి ఆ పద్ధతే తగినది.

అందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు. 2002 జీవవైవిధ్య చట్టంలోని 37వ సెక్షన్ స్థానిక సంస్థలతో సంప్రదించి విశిష్ట స్థలాలను జీవవైవిధ్య వారసత్వ స్థలాలుగా ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఉద్యానం లోపలి పేరీత వాలులను నిర్వహణ ప్రణాళికలో విడిగా గుర్తించి, ఏ వాలు ఏ ఏడు కాలిందో, మొలకలు ఎన్ని నిలిచాయో నమోదు చేయాలి. ఉద్యానం బయటి వాలులను వారసత్వ స్థలాలుగా ప్రకటించాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంత పాఠకులు తమవంతుగా చేయగలిగినది ఒకటుంది: మందు పేరుతో ఎవరైనా పేరీత శంకువును అమ్మజూపితే కొనవద్దు, దగ్గరలోని అటవీ అధికారికి ఆ సంగతి తెలియజేయండి.